మావాడు పుస్తకం ముట్టడండీ!

"మావాడు పుస్తకం ముట్టడండీ" అనే మాట ఆఫీసు క్యాంటీన్లో, అపార్ట్‌మెంటు లిఫ్టులో, స్కూలు బస్సు కోసం నిలబడే గేటు దగ్గర తరచూ వింటూనే ఉంటాను. చెప్పేది తల్లైనా తండ్రైనా తర్వాతి వాక్యం ఒకటే: "ఫోనిస్తే మాత్రం గంటలు గంటలు చూస్తాడు." ఆ వెంటనే తీర్పు కూడా వచ్చేస్తుంది: "బద్ధకం."

రెండో క్లాసో మూడో క్లాసో చదివే పిల్లాడి మీద ఇచ్చే తీర్పు ఇది. మన ఉద్యోగాల్లో ఏదైనా అప్లికేషన్ నెమ్మదిగా ఉందని టికెట్ వస్తే "దానికి బద్ధకం ఎక్కువ" అని రాసి క్లోజ్ చెయ్యం కదా. లాగ్స్ తీస్తాం, ఎక్కడ ఆగుతోందో చూస్తాం, అవసరమైతే రాత్రంతా కూర్చుంటాం. కన్నపిల్లల దగ్గరికొచ్చేసరికి ఒక్క లాగ్ కూడా తెరవకుండా రూట్ కాజ్ రాసేస్తున్నాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రైమరీ స్కూలు వయసులో చదవమంటే మొండికేసే పిల్లల్లో చాలామందికి చదవడం ఇంకా పూర్తిగా రాలేదు. వచ్చేసిందని మనం అనుకుంటున్నాం. ఈత సగం వచ్చినవాణ్ణి రోజూ నడిబావిలోకి తోస్తూ, "వీడికి నీళ్ళంటే ఇష్టం లేదు" అని బాధపడితే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

"అదేంటండీ, మావాడికి యూకేజీలోనే అక్షరాలన్నీ వచ్చేశాయి" అంటారు. నిజమే. అక్షరాలు రావడం వేరు, చదవడం రావడం వేరు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి మన దేశంలో పల్లెటూళ్ళ ఇళ్ళకి వెళ్ళి పిల్లల చేత చదివించి చూస్తోంది. ఆ సర్వే పేరు అసర్. 2024 నివేదిక ప్రకారం, ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పేరా చదవగలిగినవాళ్ళు 48.8 శాతం. అంటే సగం కంటే కాస్త ఎక్కువమందే చదవలేకపోయారు. ఇందులో గవర్నమెంటు బళ్ళ పిల్లలతో పాటు ప్రైవేటు బళ్ళ పిల్లలూ ఉన్నారు.

"అది పల్లెటూళ్ళ లెక్క, మేం ఏడాదికి లక్షలు కడుతున్నాం" అని మీరు అనొచ్చు. ఫీజు కట్టిన చోట చదవడం రాకపోతే అంత తొందరగా బయటపడదు, అదొక్కటే తేడా అని నాకనిపిస్తుంది. మా బ్లాకులో రెండో క్లాసు పిల్లాడొకడు తెలుగు పాఠం మొత్తం ఎక్కడా తడబడకుండా చదివాడు. వాళ్ళమ్మ మొహం వెలిగిపోయింది. కాకపోతే నోరు మూడో లైన్లో ఉంటే వేలు ఐదో లైన్లో ఉంది. అదే పేజీలోంచి మధ్యలో ఉన్న ఒక మాట చూపించి "ఇదేంటి నాన్నా?" అంటే గొంతు ఆగిపోయింది. వాడు పాఠాన్ని చదవలేదు, అప్పజెప్పాడు. క్లాసులో టీచర్ చదివితే నలభైమంది కోరస్‌గా తిరిగి చెప్పడం, ఇంటికొచ్చి చూచిరాత రాయడం, స్లిప్ టెస్టుకి ప్రశ్న-జవాబు బట్టీ పట్టడం... ఈ పద్ధతిలో తెలివైన పిల్లాడు చదవడం రాకుండానే మూడో క్లాసు దాకా మార్కులు తెచ్చేసుకోగలడు. టెస్ట్ కేసులకి జవాబులు హార్డ్‌కోడ్ చేసిన ప్రోగ్రామ్ లాంటిదన్నమాట. అన్ని టెస్టులూ పాసవుతుంది, కొత్త ఇన్‌పుట్ ఇవ్వగానే పడిపోతుంది.

ఇంతకీ చదవడం అంత కష్టమా? మనకి గుర్తులేదు గానీ చాలా కష్టం. మాట్లాడటం పిల్లలకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు, మన మధ్య పెరిగితే చాలు వచ్చేస్తుంది. రాత అలా కాదు. మనుషులు రాయడం మొదలుపెట్టి సుమారు ఐదువేల ఏళ్ళే అయింది. చదవడానికని పుట్టుకతో వచ్చే భాగం మెదడులో ఏదీ లేదు. మొహాలనీ వస్తువులనీ గుర్తుపట్టే యంత్రాంగంలో కొంత భాగాన్ని అక్షరాల కోసం మళ్ళీ తీర్చిదిద్దుకోవాలి. స్టానిస్లాస్ డెహేన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 2009లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతే వివరిస్తాడు. ఒక పని కోసం రాసిన మాడ్యూల్‌ని ఇంకో పనికి వాడుకోవడం ఎంత తలనొప్పో మనకి తెలుసు. ఆరేళ్ళ పిల్లాడు ఆ పని తన తలలో తనే చేసుకుంటున్నాడు, అదీ డాక్యుమెంటేషన్ లేకుండా.

అందులోనూ మన లిపి సంగతి చూడండి. "తెలుగు ఎలా రాస్తామో అలాగే పలుకుతాం, చాలా ఈజీ" అని గొప్పగా చెప్పుకుంటాం. పలకడం వరకూ అది నిజం. కానీ పిల్లాడు గుర్తుపట్టాల్సిన ఆకారాలు ఎన్ని? యాభై ఆరు అక్షరాలతో అయిపోదు. ముప్ఫై ఆరు హల్లులకి ఒక్కోదానికి పన్నెండు గుణింతపు రూపాలు వేసుకున్నా నాలుగొందలు దాటిపోతాయి. ఆ తర్వాత ఒత్తులు. కొన్ని ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకి మాత్రం తల్లి అక్షరంతో పెద్దగా పోలికే ఉండదు. ప-వ, మ-య, ద-ధ-థ తేడాలు ఒక గీతలోనో చుక్కలోనో ఉంటాయి.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. "శక్తి" అనే మాట రాసి చూడండి. గుడి ఎక్కడుంది? క మీద. పలికేటప్పుడు ఆ ఇకారం ఎక్కడొస్తుంది? త తర్వాత. కంటికి కనిపించే వరస వేరు, నోటికి రావాల్సిన వరస వేరు. అందుకే కొత్తగా చదివే పిల్లలు "శకిత" అంటారు. మనకి నవ్వొస్తుంది. కానీ వాళ్ళు కనిపించింది కనిపించినట్టు నిజాయితీగా చదివారు. యూనికోడ్‌లో ఈ మాటని పలికే వరసలోనే దాచుకుంటారు: శ, క, పొల్లు, త, గుడి. దాన్ని తెరమీద సరిగ్గా పేర్చి చూపించడానికి ఒక రెండరింగ్ ఇంజన్ కావాలి. పిల్లాడు ఆ ఇంజన్ పనిని వెనక్కి తిప్పి చెయ్యాలి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం (మధ్యలో కనిపించని ఒక కోడ్‌తో కలిపి) మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు క్రాషైపోవడం గుర్తుందా? యాపిల్ వాళ్ళు దానికోసం ప్రత్యేకంగా అప్‌డేట్ ఇవ్వాల్సొచ్చింది. ప్రపంచంలో అంత పెద్ద కంపెనీ ఫోనే ఒక్క తెలుగు అక్షరం దగ్గర చతికిలబడితే, "విజ్ఞానం" దగ్గర ఆగిపోయిన ఏడేళ్ళవాడి నెత్తిన మొట్టికాయ వెయ్యడం న్యాయమా? :)

సరదాకి అన్నా విషయం సీరియస్సే. కన్నడ లిపి కూడా మనలాంటిదే. సొనాలి నాగ్ అనే పరిశోధకురాలు కన్నడ పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో పరిశీలించి 2007లో ప్రచురించారు. అక్షరాల మీద పట్టు రావడం ఒకటో క్లాసుతో అయిపోదనీ, మూడు నాలుగు తరగతుల దాకా సాగుతూనే ఉంటుందనీ అందులో తేలింది. మన బళ్ళలో ఏం జరుగుతోంది? ఒకటో క్లాసు అయ్యేసరికి "గుణింతాలు అయిపోయాయి", రెండో క్లాసులో "ఒత్తులు అయిపోయాయి". సిలబస్ అయిపోయింది, పిల్లాడికి అవ్వలేదు.

ఇక ఇంగ్లీషు. సాక్షాత్తూ ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడే పిల్లలకే అది చదవడం చాలా కష్టం. 2003లో సేమూర్, మరికొందరు యూరప్ భాషల పిల్లల్ని పోల్చి ఒక అధ్యయనం వెలువరించారు. మొదటి తరగతి ముగిసేసరికి ఫిన్నిష్, గ్రీకు, జర్మన్ పిల్లలు పరిచయమున్న మాటల్లో నూటికి తొంభైకి పైగా సరిగ్గా చదివారు. స్కాట్లండ్‌లో ఇంగ్లీషు చదివే పిల్లలు 34 శాతమే చదివారు. ఆ పిల్లలు మొద్దులు కారు. ఒక్కో అక్షరం ఒక్కో చోట ఒక్కోలా పలికే ఆ లిపి అలాంటిది. వాళ్ళ పరిస్థితే అదైతే, అమ్మతో తెలుగు, వాచ్‌మన్ పిల్లలతో హిందీ, స్కూల్లో ఇంగ్లీషు మాట్లాడే మన హైదరాబాదు పిల్లాడి సంగతేంటి? వాడు రెండు లిపులూ ఒకేసారి నేర్చుకుంటున్నాడు. వాటిలో ఒకటి వాడికి సరిగ్గా రాని భాషది. హిందీ కూడా మొదలైతే మూడు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన ఒక ఫార్ములా ఉంది. గఫ్, టన్మర్ అనే ఇద్దరు 1986లో ప్రతిపాదించారు. చదివి అర్థం చేసుకోవడం = అక్షరాల్ని మాటగా మార్చగలగడం × ఆ మాట వింటే అర్థం కావడం. మధ్యలో ఉన్నది కూడిక కాదు, గుణకారం. రెండింట్లో ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నానే.

మొదటిది బలహీనంగా ఉన్న పిల్లాడిలో ఏం జరుగుతుందో ఊహించండి. "రా... రాము... బ... బజా... బజారు..." అంటూ వాక్యం చివరికి చేరేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతాడు. క్యాష్ చిన్నది, అదంతా అక్షరాలు విప్పడానికే ఖర్చైపోయింది. అర్థానికి జాగా లేదు. కథలో నక్క ద్రాక్షపళ్ళ కోసం ఎగిరినా, సింహం బావిలో పడినా వాడికి ఏమీ తెలీదు. తెలిసిందల్లా చెమట. అలాంటి అనుభవాన్ని "హాబీగా పెట్టుకో" అంటే ఎవరు పెట్టుకుంటారు?

రెండోది బలహీనంగా ఉన్న పిల్లలు మనలాంటి ఇళ్ళల్లో ఎక్కువ. మా టీంలో ఒకాయన కూతురు మూడో క్లాసు. ఇంగ్లీషు పేరా గడగడా చదువుతుంది, యాక్సెంట్ కూడా బాగుంటుంది. ఐతే చదివిన దాంట్లో ఏం జరిగిందమ్మా అంటే మళ్ళీ పేరా వైపే చూస్తుంది. తను అబద్ధమాడట్లేదు, శబ్దాలు చదివింది, అంతే. ఈ తేడా ఇంగ్లీషు-తెలుగు మధ్యే కాదు, తెలుగు-తెలుగు మధ్య కూడా ఉంటుంది. ఇంట్లో "పోయిండు", "తెచ్చిన" అనే పిల్లాడికి పుస్తకంలో "వెళ్ళెను", "తెచ్చితిని" ఎదురైతే అది వాడికి సగం పరాయి భాషే. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడారని అందరికీ తెలుసు. అంతకుముందే పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు తయారుచేసి చదువు చెప్పించారని తక్కువమందికి తెలుసు. పిల్లాడు చదివింది వాడి చెవికి తెలిసిన మాట అయి ఉండాలని వందేళ్ళ క్రితమే ఆయనకి అర్థమైంది. మనం ఇంకా మీడియం గురించి కొట్టుకుంటున్నాం.

మీడియం గొడవలోకి నేను పూర్తిగా దిగను. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంగ్లీషు మీడియం జీవో రావడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టెయ్యడం, తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం మొదలవ్వడం మనం చూశాం. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. నాకు అది మంచి ఆలోచనే అనిపించింది. నేననేది ఒక్కటే: ఏ మీడియంలో వేసినా సరే, పిల్లాడికి బాగా తెలిసిన భాషలో చదవడం ముందు గట్టిపడాలి. ఒక భాషలో చదవడం అంటే ఏంటో తెలిసినవాడికి రెండో లిపి అంత భయపెట్టదు.

అమెరికాలో ఉన్న మిత్రులది తిరగేసిన సమస్య. అక్కడ పిల్లలు ఇంగ్లీషులో లావుపాటి నవలలు వారానికొకటి చదివేస్తారు. మనబడి లాంటి చోట్ల తెలుగు నేర్పిస్తే మాత్రం ఒక పేజీ దగ్గర నీరసపడిపోతారు. "మన భాషంటే లెక్కలేదు" అని నొచ్చుకుంటారు పెద్దవాళ్ళు. అదే ఫార్ములా వేసి చూడండి. తెలుగు అక్షరాలు వారానికి రెండు గంటలు, తెలుగు మాటలు ఇంట్లో ఓ వంద ("అన్నం తిన్నావా", "పడుకో", "హోంవర్క్ అయిందా"). రెండు చిన్న సంఖ్యల్ని గుణిస్తే పెద్ద సంఖ్య ఎలా వస్తుంది?

ఇప్పుడు మూడో రకం. చదవడం వచ్చు, భాషా వచ్చు, ఐనా పుస్తకం పట్టడు. వీళ్ళూ ఉన్నారు. ఇక్కడ తప్పు మన "చదువు" అనే మాటలోనే ఉందేమో అని నాకో అనుమానం. తెలుగులో కథ చదవడం, పరీక్షకి చదవడం, ఇంజనీరింగ్ చదవడం అన్నీ ఒకే మాట. "వెళ్ళి చదువుకో" అంటే అర్థం "ఆట ఆపు" అని. "చదువుతున్నావా?" అంటే అర్థం "ఎన్ని మార్కులొస్తాయి?" అని. ఆ మాట వినగానే పిల్లాడికి హోంవర్క్ వాసనొస్తుంది. పొరపాటున వాడు కథల పుస్తకం తెరిచినా మనం ఊరుకోం. "నీతి ఏంటి? కొత్త పదాలు ఐదు రాయి. గట్టిగా చదువు, నాకు వినపడాలి." పాపం ఒక్క కథ చదివితే మూడు పరీక్షలు. మనం ఒక సినిమా చూసొచ్చిన ప్రతిసారీ మేనేజర్ రిపోర్టు అడిగితే ఇంకో సినిమాకి వెళ్తామా?

"మేం చదవలేదా? చందమామ వస్తే ఇంట్లో కొట్టుకునేవాళ్ళం" అనేవాళ్ళకి ఒక మాట. 1947లో మొదలై మూడు నాలుగు తరాలకి కథలు చెప్పి, 2010 దాటాక ఆగిపోయిన ఆ పత్రిక అంటే నాకూ ప్రాణమే. కానీ ఆ జ్ఞాపకం చెప్తున్నది ఎవరు? చదవడం వచ్చినవాళ్ళం, చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళం. మన క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చుని, ఏడో తరగతిలోనో పదిలోనో ఆగిపోయినవాళ్ళని అడగండి చందమామ గురించి. అప్పుడూ సగం మంది చదవలేదు. వాళ్ళ మాట మన నోస్టాల్జియాలో లేదు, అంతే.

ఫోను సంగతి కూడా చెప్పాలి కదా. ఫోను అమాయకురాలని నేననను. పిల్లాడి సమయం తినేస్తుంది, ఎదురుచూసే ఓపిక చంపేస్తుంది. దానికి గంటల లెక్క పెట్టాల్సిందే. కానీ ఫోను లాగేసుకుంటే పిల్లాడు పుస్తకం పట్టుకుంటాడనుకోవడం భ్రమ. గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఫోను పెట్టమనేది ఒక వేలు. పుస్తకం ఒక్కో లైనుకీ చెమట పట్టమంటుంది. ఆ కష్టం తగ్గనంతవరకూ పోటీయే లేదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకు పట్టించుకోవాలంటే, మూడో క్లాసు దగ్గర ఒక గండం ఉంది. అంతవరకూ చదవడం నేర్చుకుంటారు, అక్కణ్ణించి చదివి నేర్చుకోవాలి. సైన్సు, సోషల్, లెక్కల్లో మాటల ప్రశ్నలు... అన్నిటికీ దారి చదవడమే. ఆ దారి మూసుకుపోతే లెక్కలు వచ్చినవాడికి కూడా లెక్క అర్థం కాదు, ఎందుకంటే ప్రశ్న చదవలేడు. కీత్ స్టానోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో దీనికి మాథ్యూ ఎఫెక్ట్ అని పేరు వాడాడు. చదవగలిగినవాడు ఎక్కువ చదువుతాడు, దాంతో మాటలు పెరుగుతాయి, దాంతో ఇంకా బాగా చదువుతాడు. చదవలేనివాడు తప్పించుకుంటాడు, మాటలు పెరగవు, పై క్లాసు పుస్తకం ఇంకా బరువవుతుంది. చక్రవడ్డీ లాంటిది. ఒకడికి డిపాజిట్ మీద, ఇంకొకడికి అప్పు మీద. అప్పు పెరుగుతున్నవాడికి మనం ఇచ్చేది ఒక బిరుదు: బద్ధకస్తుడు, మొద్దు, "వీడికి చదువబ్బదు". తొమ్మిదేళ్ళ పిల్లాడు ఆ మాట నమ్మేస్తాడు. ఆ తర్వాత చదవడం నేర్పొచ్చేమో గానీ, ఆ నమ్మకం తీసెయ్యడం చాలా కష్టం.

మరి ఏం చెయ్యాలి? ముందు డీబగ్ చెయ్యండి. పావుగంట పని.

కళ్ళు చూపించండి. మసగ్గా కనిపిస్తోందని పిల్లలు చెప్పరు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. చెవులు కూడా.

తర్వాత వాడు ఎప్పుడూ చూడని, వాడి క్లాసు కంటే ఒక మెట్టు తక్కువ పేరా ఒకటి తీసుకోండి. పాఠ్యపుస్తకంలోది వద్దు. వాడి చేత చదివించండి, మధ్యలో దిద్దకండి, విసుక్కోకండి. ఇంకో అలాంటి పేరా మీరు చదివి వినిపించి, ఏం జరిగిందో అడగండి. మీరు చదివితే అర్థమై, తను చదివితే తడబడుతుంటే, సమస్య అక్షరాల దగ్గరుంది. తను గడగడా చదివినా, మీరు చదివినా అర్థం కాకపోతే, సమస్య భాష దగ్గరుంది. రెండూ బాగుంటే మీరిచ్చే పుస్తకాలూ, మీరడిగే ప్రశ్నలూ ఎలా ఉన్నాయో చూసుకోండి.

అక్షరాల సమస్యైతే రోజూ పది నిమిషాలు చాలు, కానీ రోజూ కావాలి. చాలా తేలిక పుస్తకం, అదే పుస్తకం మళ్ళీ మళ్ళీ. పక్కన కూర్చున్న పెద్దవాళ్ళ సాయంతో ఒకే భాగాన్ని పైకి పలుమార్లు చదివితే వేగం పెరుగుతుందని అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదిక చెప్పింది. "చదివిందే చదువుతున్నాడు" అని కంగారుపడొద్దు, అదే ప్రాక్టీసు. మూడో క్లాసువాడికి ఒకటో క్లాసు పుస్తకం ఇవ్వడం నామోషీ అనుకోకండి. వాడి ముందు ఆ మాట అసలే అనకండి. పాటల పిచ్చి ఉంటే తెలుగు పాటకి తెలుగులోనే సాహిత్యం కింద కనిపించే వీడియోలు పెట్టండి. ఐఐఎం అహ్మదాబాద్‌లో బ్రిజ్ కొఠారి మొదలుపెట్టిన ఈ ఆలోచననే దూరదర్శన్ చిత్రహార్ పాటలకి వాడారు. తెలిసిన పాటలో అక్షరం కన్నుని తనే లాక్కెళ్తుంది.

భాష సమస్యైతే మీరే చదివి వినిపించండి. చదవడం వచ్చాక వినిపించడం మానేస్తాం, అక్కడే నష్టపోతాం. వాడు చదవగలిగే పుస్తకం కంటే వాడు వినగలిగే కథ ఎప్పుడూ పెద్దది. మాటలు అక్కణ్ణించే వస్తాయి.

పుస్తకాలు లేవనకండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో 2015 నుంచీ తెలుగు కథలు ఉచితంగా, స్థాయిల వారీగా ఉన్నాయి. మంచి పుస్తకం, తూలిక వాళ్ళ బొమ్మల పుస్తకాలు మన కాఫీ ఖర్చులో వస్తాయి. బొమ్మల పుస్తకమైనా, క్రికెట్ వార్తైనా, డైనోసార్ల పేర్లైనా, వాడు ఎంచుకున్నదే మంచి పుస్తకం. నీతి అడగొద్దు.

ఇవన్నీ కొన్ని నెలలు శ్రద్ధగా చేసినా కదలిక లేకపోతే, మాటల్ని శబ్దాలుగా విడదీయడమే కష్టంగా ఉంటే, ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు ఇలాగే ఉండి ఉంటే, డిస్లెక్సియా ఏమో నిపుణులకి చూపించండి. 2007లో తారే జమీన్ పర్ చూసి అందరం కన్నీళ్ళు పెట్టుకున్నాం. మన ఇంటికొచ్చేసరికి "మావాడికి అలాంటివేం లేవు" అంటాం. అది తెలివితక్కువతనం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా దాన్ని గుర్తించింది, పరీక్షల్లో సదుపాయాలున్నాయి. దాచిపెడితే నష్టపోయేది పిల్లాడే.

"తల్లిదండ్రులు చదివితే పిల్లలూ చదువుతారు" అనే సలహా మీరు వినే ఉంటారు. మంచి సలహానే. కాకపోతే అది చదవడం వచ్చిన పిల్లలకి. రానివాడి ముందు మనం ఎన్ని పుస్తకాలు చదివినా, తనకి రాని పనిని నాన్న ఎంత సులువుగా చేస్తున్నాడో చూసి ఇంకా ముడుచుకుపోతాడు. వాడికి కావాల్సింది మన పుస్తకంలోంచి మనం తలెత్తి, వాడి పుస్తకంలోకి ఒక పది నిమిషాలు తొంగిచూడటం.

కాబట్టి ఈసారి ఎవరైనా "మావాడు పుస్తకం ముట్టడండీ" అంటే నేను అడగబోయే ప్రశ్న ఒకటే: ఆఖరిసారి వాడి పక్కన కూర్చుని, వాడికి తెలియని పేజీ ఒకటి చదివించుకుని విన్నది ఎప్పుడు? ఈ రాత్రికి స్టేటస్ కాల్ లేకపోతే మీరూ చేసి చూడండి.